తిమ్మిరి, నీరసం: ‘నరాల బలహీనత’ అని సరిపెట్టుకునే ముందు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రెండు మాటల చుట్టూనే తిరిగాయి: నీరసం, తిమ్మిరి. దాదాపు అందరూ రాసిన మూడో మాట ‘నరాల బలహీనత’. అలాంటి జబ్బేమీ లేదు. జబ్బేమిటో ఇంకా వెతకలేదన్న సంగతిని మర్యాదగా కప్పిపెట్టే మాట అది. తిమ్మిరి ఎక్కడ మొదలైంది, ఒక పక్కా రెండు పక్కలా, ఎంత వేగంగా పాకింది, దానితోపాటు ఇంకేం మారింది అన్న నాలుగు సంగతులు చెబితే సగం దారి దొరుకుతుంది. కింది ఉత్తరాలను అందుకే ఎంచుకున్నాం.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. మెట్‌ఫార్మిన్ 1000 మి.గ్రా. మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటాను. గ్యాస్‌కి పాంటోప్రజోల్ నాలుగేళ్లుగా రోజూ పరగడుపున వాడుతున్నాను. మాంసం, గుడ్డు ముట్టం. ఏడాదిగా అరికాళ్లు దూది మీద నడిచినట్టుంటున్నాయి. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. నాలుగు మెట్లెక్కితే నీరసం. మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారు వారానికొకటి చొప్పున ఆరు బలం ఇంజక్షన్లు చేశారు. ఆ తర్వాత బి12 పరీక్ష చేయిస్తే 1,600 వచ్చింది. ‘బి12 కావలసినంత ఉంది, ఇది షుగర్ తిమ్మిరే’ అన్నారు. అంతేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ 1,600 అంకెకు అర్థం లేదు. అది మీ ఒంట్లో నిల్వ ఉన్న బి12 కాదు, సూదితో ఎక్కించిన బి12. బలం ఇంజక్షన్లలో సాధారణంగా ఒక్కోదాంట్లో 500 నుంచి 1,000 మైక్రోగ్రాముల బి12 ఉంటుంది. మనిషికి రోజుకు కావలసింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. సూది పడ్డాక రక్తంలో అంకె వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పైనే ఉంటుంది. ముందు రక్తం తీయించి తర్వాత సూది వేయించుకోవాలి. మీ విషయంలో అది తలకిందులైంది. తిమ్మిరి కేసుల్లో మేం చూసే పొరపాట్లలో ఇదే మొదటిది.

అయినా దారి మూసుకుపోలేదు. ఇంజక్షన్లకు ముందు, రెండు మూడేళ్ల లోపు ఎప్పుడైనా సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించుకుని ఉంటే ఆ కాగితం వెతకండి. అందులో ఎంసీవీ అనే అంకె ఉంటుంది. అది ఎర్రకణం సైజు. 100 దాటితే బి12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తగ్గి ఉండొచ్చు. థైరాయిడ్, మద్యం, కాలేయ జబ్బు వల్ల కూడా పెరుగుతుంది. దాటకపోయినంత మాత్రాన లోపం లేదనుకోకండి. ఐరన్ కూడా తక్కువైతే కణాలు చిన్నవవుతాయి. పెద్దవి, చిన్నవి కలిసి సగటు 88 దగ్గరో 90 దగ్గరో నిలబడుతుంది. రక్తహీనత ఏమాత్రం లేకుండా నరాలు మాత్రమే దెబ్బతినే వాళ్లూ ఉన్నారు. కాబట్టి ‘హిమోగ్లోబిన్ బాగానే ఉంది’ అన్న మాటతో బి12 లోపాన్ని కొట్టిపారేయకూడదు.

మీలో లోపం ఉండే అవకాశం ఎందుకెక్కువో చూడండి. తిండిలోని బి12 ప్రోటీన్‌కు అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీసేది కడుపులోని ఆమ్లం. పాంటోప్రజోల్ ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. విడిపడిన బి12 జీర్ణాశయంలో ఊరే మరో పదార్థంతో జతకట్టి, చిన్నపేగు చివరి భాగంలో రక్తంలోకి వెళ్లాలి. అక్కడ మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. మోతాదు, ఏళ్లు పెరిగేకొద్దీ ఈ అడ్డు పెరుగుతుంది. ఇక మీరు తినే తిండిలో బి12 దొరికేది పాలు, పెరుగుల్లోనే. అంటే మూడు చోట్లా కోతే. కాలేయంలో నిల్వ ఉండే బి12 కొన్నేళ్లపాటు కాపాడుతుంది కాబట్టి, తేడా మాత్ర మొదలుపెట్టిన ఏడాది కనబడక, ఇన్నేళ్లకు బయటపడుతుంది. అలాగని మెట్‌ఫార్మిన్ మానేయకండి. అది మంచి మందు. ఏడాదికో రెండేళ్లకో బి12 చూసుకుంటూ వాడాలి. పాంటోప్రజోల్ మాత్రం నాలుగేళ్లుగా ఎందుకు వాడుతున్నారో మీ డాక్టర్ని అడగండి. వారం రోజులకని రాసింది ఏళ్ల తరబడి సాగిపోవడం మామూలే.

షుగర్ తిమ్మిరి, బి12 తిమ్మిరి రెండూ కాలివేళ్ల నుంచే మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతాయి. షుగర్‌లో రాత్రిపూట మంటలు, సూదులు గుచ్చినట్టుండటం ఎక్కువ. బి12 లోపంలో చేతివేళ్లు కూడా త్వరగా మొద్దుబారతాయి, నాలుక ఎర్రగా నున్నగా మారి మండుతుంది, అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు తూలుతారా? చీకట్లో బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు గోడ పట్టుకుంటారా? ఈ రెండిటికీ అవునంటే వెన్నుపాము వెనక భాగం కూడా దెబ్బతింటోందేమోనని అనుమానించాలి. అప్పుడు ఆలస్యం పనికిరాదు. మీలో రెండు కారణాలూ కలిసి ఉండొచ్చు. షుగర్ ఖాతాలో వేసేస్తే నయమయ్యేది కూడా నయం కాకుండా పోతుంది.

ఇప్పుడేం చేయాలి? ఫిజీషియన్‌ని కలిసి సీబీసీ, రక్తపు స్మియర్ (కణాల్ని సూక్ష్మదర్శినిలో చూడటం), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) చేయించండి. ఐరన్ లేదా బి12 లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. అందుకని ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసిన అంకెలు కూడా తీసుకెళ్లండి. పాదం మీద 128 హెర్ట్‌జ్ ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి కంపనం తెలుస్తోందా, 10 గ్రాముల నైలాన్ పోగు తాకితే తెలుస్తోందా అని చూడమనండి. రెండు నిమిషాల పని. మీ లక్షణాలు, మందులు, తిండి చూశాక చాలామంది డాక్టర్లు పరీక్ష కోసం ఆగకుండా బి12 పూర్తి కోర్సు ఇస్తారు. అది సబబే. సాధారణ క్రమం ఇది: 1,000 మైక్రోగ్రాముల ఇంజక్షన్ రోజు విడిచి రోజు ఒకటి రెండు వారాలు, తర్వాత వారానికొకటి నాలుగు వారాలు, ఆపైన నెలకొకటి. లేదా కారణాన్ని బట్టి రోజూ 1,000 మైక్రోగ్రాముల మాత్ర. మాత్రలో నూటికి ఒక వంతే ఆ జతకట్టే దారి అవసరం లేకుండా నేరుగా లోపలికి పోతుంది. అయినా 1,000లో నూటికి ఒక వంతు అంటే 10 మైక్రోగ్రాములు, అది చాలు. రక్తం రెండు నెలల్లో కుదురుకుంటుంది. నరాలకు ఆరు నెలలు, ఏడాది కూడా పట్టొచ్చు. మొదటి వారాల్లో తిమ్మిరి కొంచెం పెరిగినట్టనిపిస్తే మందు పడలేదనుకుని మానకండి.

రెండు జాగ్రత్తలు. ‘రక్తం పట్టడానికి’ అని 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒక్కటే వేసుకోకండి. దానితో రక్తహీనత సర్దుకుంటుంది, హిమోగ్లోబిన్ పెరుగుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. రెండోది, బలం ఇంజక్షన్లలో, ‘నరాల’ మాత్రల్లో పైరిడాక్సిన్ ఉంటుంది, అదే బి6. అట్ట వెనక చదవండి. రోజుకు 100 మి.గ్రా. దాటి నెలల తరబడి వాడితే ఆ విటమినే తిమ్మిరి తెచ్చిపెడుతుంది. తిమ్మిరికని వేసుకున్న మాత్రతోనే తిమ్మిరి పెరిగి, పెరిగిందని ఇంకో మాత్ర జోడించిన వాళ్లు తక్కువేం లేరు.

పాదాల స్పర్శను ఇంట్లోనే నెలకోసారి చూసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకుని పడుకోండి. ఇంకొకరు చూపుడువేలి కొసతో రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసల్ని ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లు ఊరికే తాకాలి. నొక్కకూడదు, గీకకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్టే. అలాంటి పాదాలకు వేడినీళ్ల సంచి వద్దు. స్నానం నీళ్లు మోచేత్తో చూసి పోసుకోండి. మిట్టమధ్యాహ్నం గుడి రాతిగచ్చు మీద ప్రదక్షిణలు వద్దు. కాలినట్టు తెలిసేది బొబ్బ చూశాకే.

ప్రశ్న: మేం వారానికి మూడుసార్లు చికెన్ తింటాం. అయినా మా అబ్బాయికి బి12 180 వచ్చింది. శాకాహారులకే కదా తగ్గేది?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: చికెన్‌లో బి12 తక్కువ. నూరు గ్రాములకు మైక్రోగ్రాములో మూడో వంతు, అంతే. గుడ్డుకు అర మైక్రోగ్రాము. నూరు మిల్లీలీటర్ల పాలకు సుమారు 0.4. నీళ్లు కలిపిన మజ్జిగలో ఇంకా పలచన. వేటమాంసంలో, చేపల్లో నూరు గ్రాములకు రెండు మైక్రోగ్రాముల పైనే. కార్జంలో అంతకు ఎన్నో రెట్లు. భీమవరంలో ఉండి చేపను వదిలేసి చికెన్ మీద పడటమెందుకో మీ ఇష్టం. ఆకుకూరల్లో బి12 ఉండదు. స్పిరులినాలో ఉన్నదని అమ్మేది ఒంటికి పనికిరాని నకలు రూపం. పైగా పరీక్షలో అంకెను తప్పుదారి పట్టిస్తుంది.

200 కంటే తక్కువ అంటే లోపమే. 200–300 మధ్య అనుమానం. అక్కడ హోమోసిస్టీన్ (బి12 తగ్గితే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష తోడు చేస్తే తేలుతుంది. తింటున్నా తగ్గుతోందంటే ఒంటికి పట్టకపోవడం ఒక కారణం: జీర్ణాశయం లోపలి పొర పలచబడిపోవడం, దానికి శరీరమే ఎదురు తిరగడం, బరువు తగ్గే ఆపరేషన్, చిన్నపేగు జబ్బు. అందుకని మాత్రలతో ఆపేయకుండా కారణం అడగండి.

ప్రశ్న: నేను బీడీలు చేస్తాను, 38 ఏళ్లు. రాత్రి రెండు మూడు గంటలకు కుడిచేతికి తిమ్మిర్లెక్కి మెలకువ వస్తది. చెయ్యి దులిపితే తగ్గుతది. పొద్దున కత్తెర పడితే జారుతోంది. బరువు పెరిగిన, ఎప్పుడూ పండుకోవాలనిపిస్తది, నెలసరి ఎక్కువ అవుతోంది. మెడ నరం నొక్కుకుందన్నరు. మెడకు పట్టీ పెట్టుకున్న, లాభం లేదు.
– ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా

జవాబు: మీరు ఒక సంగతి రాయలేదు: ఏ వేళ్లు? ఈ రాత్రి చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగం అయితే మెడ కంటే మణికట్టునే ముందు అనుమానించాలి. అక్కడ ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంది. అందులోంచి తొమ్మిది స్నాయువులూ ఒక నరమూ వెళ్తాయి. పొద్దంతా తునికాకు కత్తిరించడం, చుట్టడం, మడవడంతో స్నాయువుల పొరలు ఉబ్బితే ఆ దారిలో మెత్తగా ఉన్న నరమే నలుగుతుంది. నిద్రలో మణికట్టు మడతపడితే ఇంకా నలుగుతుంది. చెయ్యి దులిపితే తగ్గడం దీనికి మంచి గుర్తు. చిటికెనవేలు, దాని పక్క వేలు మొద్దుబారితే అది మోచేతి దగ్గర నలిగే వేరే నరం. మెడలో నరం నొక్కుకుంటే సాధారణంగా మెడ తిప్పినప్పుడు నొప్పి భుజం మీదుగా కిందికి జారుతుంది.

రెండు చేతుల వెనక వైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి చూసేలా మణికట్లు వంచి ఒక నిమిషం ఉంచండి. అదే తిమ్మిరి అవే వేళ్లలో వస్తే దాదాపు అదే.

చేయాల్సింది మెడకు కాదు, మణికట్టుకు. లోపల రేకు ఉన్న మణికట్టు పట్టీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. చెయ్యి నిటారుగా, ముందుకూ వెనక్కూ వంగకుండా ఉండేలా కట్టి రాత్రంతా ఉంచుకోవాలి. కనీసం ఆరు వారాలు. ఊరికే గుడ్డపట్టీ బిగిస్తే ఇంకా నొక్కుకుంటుంది. పగలు ముప్పావుగంటకోసారి చేట పక్కన పెట్టి, అయిదు నిమిషాలు వేళ్లు చాచి ముడవండి. వెయ్యి బీడీల లెక్క ముందుంటే ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. కానీ కత్తెర జారుతోందంటే నరం ఇప్పటికే బలం కోల్పోతోంది. బొటనవేలి మొదట్లో ఉండే కండ రెండో చేతితో పోలిస్తే పల్చబడిందా చూడండి. పల్చబడితే ఆరు వారాలు కూడా ఆగకుండా నరాల వేగం చూసే ఎన్‌సీఎస్ పరీక్ష చేయించాలి. అవసరమైతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజక్షన్, లేదా పట్టీని కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్. అది ఆ చోటు వరకే మత్తిచ్చి చేస్తారు.

నీరసం, బరువు, నెలసరి ఎక్కువ కావడం, మణికట్టు తిమ్మిరి: ఈ నాలుగూ ఒక్క థైరాయిడ్ లోపంతో కూడా రావచ్చు. టీఎస్‌హెచ్ తప్పక చూపించండి. నెలసరి వల్ల ఐరన్ తగ్గి ఉంటుంది కాబట్టి హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ కూడా. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 లోపుంటే రక్తహీనత. రక్తహీనత ఒక్కటే వేళ్లను మొద్దుబార్చదు గానీ, రాత్రి కాళ్లు లాగడం, కుదురుగా పెట్టలేకపోవడం ఐరన్ లోపంలో మామూలు. థైరాయిడ్ మాత్ర రాస్తే పరగడుపున నీళ్లతోనే వేసుకుని, అరగంట నుంచి గంట దాకా చాయ్ తాగొద్దు. ఐరన్ మాత్ర దానికి నాలుగు గంటల దూరంలో ఉండాలి. ఐరన్‌కు ముందూ వెనకా గంట చాయ్ వద్దు. రెండు మాత్రలూ కలిపి ఒకే గుక్కలో మింగి, ‘ఆరు నెలలైనా టీఎస్‌హెచ్ దిగట్లేదు’ అనేవాళ్లు చాలామంది.

ఇంకొక మాట. గంటల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు కదా. మోకాలి బయటి పక్క, ఎముక తల దగ్గర ఒక నరం చర్మం కిందనే ఉంటుంది. అది నలిగితే పాదం పైభాగం మొద్దుబారి, నడుస్తుంటే కాలి ముందు భాగం ఈడుస్తుంది. అలా మొదలైతే వెంటనే కూర్చునే తీరు మార్చి డాక్టర్ని కలవండి.

ప్రశ్న: మా నాన్న కూలి పనికి వెళ్తారు. ముంజేతి మీద తెల్లమచ్చ రెండేళ్లుగా ఉంది, దురద లేదు. ఈమధ్య చిటికెనవేలు మొద్దుబారి కొంచెం వంగింది. బీడీ కాలి చురుక్కుమన్నా తెలియలేదు. బొల్లి అని లేపనం ఇచ్చారు.
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: లేపనం పక్కన పెట్టి ఈ వారంలోనే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. బొల్లి మచ్చ పాలలా తెల్లగా ఉంటుంది, స్పర్శకు లోటుండదు. మీరు చెప్పింది కుష్ఠు అయ్యే అవకాశం బలంగా ఉంది. ఆ మచ్చ పూర్తి తెలుపు కాక పాలిపోయినట్టో, ఎర్రగానో, పొడిగానో ఉంటుంది. వెంట్రుకలు రాలిపోతాయి, చెమట పట్టదు, స్పర్శ తగ్గుతుంది. నాన్నగారిని కళ్లు మూసుకోమని దూది పోగుతో మచ్చ మీద, పక్కనున్న మంచి చర్మం మీద మార్చి మార్చి తాకి చూడండి. మోచేయి లోపలి పక్క గుంటలో నరం తాడులా లావుగా తగులుతుందేమో చూడండి. చిటికెనవేలు వంగడానికి కారణం ఆ నరమే.

మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. మచ్చలు అయిదు దాకా ఉంటే సాధారణంగా ఆరు నెలలు, ఎక్కువైతే లేదా ఒకటికి మించి నరాలు దెబ్బతింటే ఏడాది. నెలకో అట్ట ఇస్తారు. నెలకోసారి వేసే మందుతో మూత్రం ఎర్రగా వస్తుంది, అట్టలోనే ఉండే క్లోఫాజిమిన్ అనే మందుతో చర్మం నల్లబడుతుంది. రెండూ పోయేవే. ఈ సంగతి ముందే చెప్పకపోతే జనం మందు మానేస్తారు. మందు మొదలైన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే గుణం పోతుంది. కంచం వేరు చేయాల్సిన పని లేదు. ఇంట్లో మిగతా వాళ్ల ఒళ్లు కూడా చూపించండి.

వేలు ఈమధ్యనే వంగిందన్నారు, అదే ముఖ్యం. నరం కొత్తగా దెబ్బతిన్నప్పుడు, సుమారు ఆరు నెలల లోపు, కుష్ఠు మందులతోపాటు ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ సరైన మోతాదులో పడితే తిరిగి రావచ్చు. దాటిపోతే రాదు. మందు వాడుతుండగా నరం నొప్పి పుట్టినా, బలం తగ్గినా మందు మానకుండా అదే రోజు వెళ్లాలి.

ప్రశ్న: మా తమ్ముడికి టీబీ. మూడు నెలలుగా మందులు వాడుతున్నాడు, బరువు పెరిగాడు. కానీ అరికాళ్లు మండుతున్నాయి. మందులు ఆపేయమంటారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఆపొద్దు. టీబీ మందుల్లోని ఐసోనియాజిడ్ ఒంట్లో బి6ను పని చేయనివ్వదు. ఈ మందును మెల్లగా విరిచే తత్వం మనవాళ్లలో చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది. వాళ్లలో ఇది ఎక్కువ. మద్యం తాగేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, బాగా చిక్కిపోయినవాళ్లు కూడా అంతే. ముందు జాగ్రత్తకు రోజుకు 10–25 మి.గ్రా. బి6 సరిపోతుంది. మంటలు మొదలయ్యాక డాక్టర్ 50–100 మి.గ్రా. ఇస్తారు. పైన తెనాలి పాఠకురాలికి చెప్పిన హద్దు ఇక్కడా గుర్తుంచుకోవాలి కాబట్టి, ఎన్నాళ్లో అడిగి వాడండి. బి6 ఇస్తున్నారో లేదో టీబీ కార్డులో చూడండి. షుగర్ పరీక్ష కూడా చేయించండి, రెండూ జంటగా ఉండటం తరచు. మొండి టీబీకి ఇచ్చే లినెజోలిడ్ అయితే సంగతి వేరు: దాని తిమ్మిరికి బి6 ఆసరా కాదు, మోతాదు తగ్గించడమో మార్చడమో డాక్టర్ తేల్చాలి. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా అదే రోజు చెప్పండి.

ప్రశ్న: నాకు 61. నడుం, మెడ బిగుసుకుపోయి ఏళ్లయింది. ఆరు నెలలుగా రెండు కాళ్లూ మొద్దుబారి కర్రల్లా ఉంటున్నాయి. బొడ్డు దగ్గర బెల్టు బిగించినట్టుంది. చిన్నప్పటినుంచి బోరు నీళ్లే తాగాం.
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: కాళ్లు మెత్తబడకుండా బిగుసుకోవడం, నడుం చుట్టూ బెల్టు కట్టినట్టుండటం: ఈ రెండూ పాదాల నరాల తిమ్మిరిలో ఉండవు. వెన్నుపాము నొక్కుకుంటున్న గుర్తులు. మీ ప్రాంతంలో మొదట అనుమానించాల్సింది ఎముకల ఫ్లోరోసిస్. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే ముప్పు. అంతకు చాలా ఎక్కువున్న నీళ్లు దశాబ్దాలు తాగితే ఎముక మందమవుతుంది, వెన్నెముక బంధనాలు గట్టిపడి రాయవుతాయి, వెన్నుపాము వెళ్లే గొట్టం ఇరుకవుతుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే.

ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నంలా గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్‌కు బలమైన ఆధారం. కానీ మీకు ముందు కావలసింది వెన్నెముక ఎంఆర్ఐ, న్యూరోసర్జన్ చూపు. టీబీ, డిస్క్, గడ్డలు కూడా ఇలాగే నొక్కుతాయి. మెడ విరిపించుకోవడం, నడుం మీద తొక్కించుకోవడం, గట్టి మర్దనలు చేయించకండి. ఇరుకు గొట్టంలో చిన్న కుదుపుకే కాళ్లు పడిపోయే ప్రమాదముంది. ఇంటిల్లిపాదీ నది నీళ్లకు మారండి. బోరు నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి మీ జిల్లా పేరే ఉంది.

ప్రశ్న: ఐటీ ఉద్యోగం, 29 ఏళ్లు. ఎనిమిది నెలలుగా అలసట. మీటింగుల్లో మూతి చుట్టూ, వేళ్లలో తిమ్మిరి, గుండె దడ. పరీక్షలన్నీ నార్మల్. విటమిన్ డి తక్కువుందని రెండేళ్ల క్రితం రాసిన 60,000 మాత్ర వారం వారం వేసుకుంటూనే ఉన్నాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ మాత్ర ఆపి, కాల్షియం, క్రియాటినిన్, విటమిన్ డి పరీక్షలు చేయించండి. వారానికి 60,000 యూనిట్లు మామూలుగా ఎనిమిది వారాలే. తర్వాత నెలకొకటి, లేదా అసలు ఉండదు. రెండేళ్లు సాగదీస్తే కాల్షియం పెరిగే ప్రమాదముంది. అప్పుడు అలసట, మలబద్ధకం, దాహం, కిడ్నీ రాళ్లు.

మూతి చుట్టూ, రెండు చేతుల వేళ్లలో ఒకేసారి తిమ్మిరి, దానితో దడ, అదీ ఒత్తిడిలోనే వస్తే శ్వాస వేగం పెరగడం కారణం కావచ్చు. తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి, నరాలకు అందే కాల్షియం కాసేపు తగ్గుతుంది. తిమ్మిరి నిజంగానే వస్తుంది, ఊహ కాదు. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, అయిదు నిమిషాలు. ప్లాస్టిక్ సంచి, కాగితం సంచి ముక్కుకు పెట్టుకోకండి. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లకు ఇదే తిమ్మిరి వస్తే మాత్రం అది నిజంగా కాల్షియం తగ్గడమే కావచ్చు. అదే రోజు పరీక్ష.

‘అన్నీ నార్మల్’ అన్న కాగితాలు మళ్లీ తీసి చూడండి. ఫెరిటిన్, బి12 అందులో ఉన్నాయా? ‘ఫుల్ బాడీ’ ప్యాకేజీల్లో అరవై అంకెలుండి ఈ రెండూ ఉండకపోవడం చూస్తుంటాం. గురక, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, పగలు కునుకు ఉంటే నిద్ర పరీక్ష అడగండి. ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాక, తెల్లవారుజామున మెలకువొచ్చి పడుకోలేకపోతుంటే డిప్రెషన్ గురించి మానసిక వైద్యుణ్ని కలవండి. కాస్త శ్రమపడ్డ మర్నాడు రెండు రోజులు మంచం దిగలేకపోతుంటే ఆ మాట డాక్టర్‌కి విడిగా చెప్పండి. అలాంటి అలసటకు ‘రోజూ పరుగెత్తండి’ అన్న సలహా చేటు చేస్తుంది.

ప్రశ్న: నేను న్యూజెర్సీలో ఉంటాను. కాకినాడలో ఉన్న నాన్నగారికి (68, బీపీ) మొన్న ఎడమ చెయ్యి, ఎడమ బుగ్గ ఉన్నట్టుండి మొద్దుబారాయి, మాట ముద్దగా వచ్చిందట. ఇరవై నిమిషాల్లో తగ్గిపోయింది. ‘వచ్చే వారం చూపించుకుంటాలే, నరాల బలహీనత’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు విడిగా జవాబు పంపాం, అందరికీ తెలియాలని ఇక్కడ కూడా వేస్తున్నాం. ఇది రాబోయే పక్షవాతానికి ముందస్తు దెబ్బ. మెదడు రక్తనాళం కాసేపు మూసుకుని తెరుచుకుంది. అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లోనే అన్నిటికంటే ఎక్కువ. వచ్చే వారం కాదు, అదే గంటలో సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ ఈసీజీ, మెడ రక్తనాళాల డాప్లర్, షుగర్, కొలెస్ట్రాల్ చూసి రక్తం పలచబడే మందు మొదలుపెడతారు.

మళ్లీ వస్తే, తగ్గుతుందేమోనని చూడకుండా 108కి ఫోన్. చివరిసారి బాగా ఉన్న సమయం ఎంతో కాగితం మీద రాసి పంపండి. గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, లెక్క మొదలయ్యేది అక్కడినుంచే. నిద్రలేచేసరికి వచ్చి ఉంటే రాత్రి పడుకున్న సమయం రాయండి. గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూడండి. బాగా పడిపోయినా ఇలాగే ఉంటుంది. నోట్లో నీళ్లు, మాత్రలు పెట్టొద్దు. రక్తస్రావమో గడ్డో స్కాన్‌లో తేలేదాకా ఆస్పిరిన్ కూడా వద్దు. పసరు పోయించడానికో, పావురం రక్తం రుద్దించడానికో ముందు తీసుకెళ్తే ఆ నాలుగున్నర గంటలూ దారిలోనే అయిపోతాయి.

ఇలా ఆగకుండా వెళ్లాల్సినవి ఇంకో రెండున్నాయి. తిమ్మిరి పాదాల్లో మొదలై రోజుల్లోనే మోకాళ్లకు, తొడలకు పాకుతూ, మెట్లెక్కలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం వస్తే, ముఖ్యంగా విరేచనాలో జ్వరమో తగ్గిన కొద్ది వారాలకు వస్తే, అది శరీరమే తన నరాలకు ఎదురు తిరిగే గులియన్ బారీ జబ్బు కావచ్చు; ఐసీయూ ఉన్న ఆస్పత్రికే వెళ్లాలి. నడుంనొప్పితో పాటు కూర్చునే చోటు, తొడల లోపలి పక్క మొద్దుబారి మూత్రం ఆగిపోతే, తెలియకుండా పోతుంటే ఆ రోజే ఎంఆర్ఐ తీసి ఆపరేషన్ సంగతి తేల్చాలి. రాత్రయిందని తెల్లవారేదాకా ఆగొద్దు.